ఒత్తి, చెకుముకి, తూటా: ఒమాన్ వేటగాడి తుపాకి

తుపాకుల చరిత్రను చెప్పేవారు సాధారణంగా దానినొక నిచ్చెనలా చూపిస్తారు. అడుగు మెట్టు మీద ఒత్తి తుపాకి. దానిపైన చెకుముకి తుపాకి. ఆపైన చిన్న రాగి టోపీని సుత్తితో కొట్టి పేల్చే తుపాకి. చివరి మెట్టు మీద వెనుకనుంచి తూటా పెట్టి కాల్చే రైఫిల్. ఐరోపా సైన్యాల వరకు ఈ క్రమం సరిపోతుంది. 17వ శతాబ్దం చివరా 18వ శతాబ్దం మొదటా ఆ సైన్యాలు మండే ఒత్తిని విడిచి చెకుముకి రాయిని చేపట్టాయి. 19వ శతాబ్దం నడుమ టోపీ తుపాకికి మారాయి.

ఒమాన్‌లో మాత్రం ఈ నిచ్చెన కనిపించదు. అక్కడి కొండవాసులూ ఎడారివాసులూ 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల దాకా వేటకూ కయ్యానికీ ఒత్తి తుపాకినే పట్టుకున్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అబూ ఫతీలా, అంటే ‘ఒత్తికి తండ్రి’. ఆ తరవాత కొద్ది సంవత్సరాలలోనే మార్టినీ-హెన్రీ రైఫిల్‌కు మారిపోయారు. నడుమనున్న చెకుముకి తుపాకి ఐరోపానూ అమెరికానూ రెండు శతాబ్దాలు ఏలినా, ఒమాన్ లోతట్టులో వేళ్ళూనుకోలేదు. దీనికి తెలియనితనం కారణమా, వెనకబాటుతనం కారణమా, లేక ఆలోచించి చేసిన ఎంపికా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించే ప్రశ్న.

మాటల్లో మిగిలిన చరిత్ర

ఈ ప్రశ్న తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. తుపాకి అన్న మాట మనకు తురుష్క భాషనుంచి వచ్చింది. గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలో పోసే మెత్తని మందుకు రంజకం అన్న పేరూ, మందులో కలిపే లవణానికి సురేకారం, పెట్లుప్పు అన్న పేర్లూ మన నిఘంటువులలో ఉన్నాయి. మూతినుంచి మందు దట్టించే భర్మార్ తుపాకులు తెలంగాణ సాయుధ పోరాట జ్ఞాపకాలలో కనిపిస్తాయి. అడవి ప్రాంతాల వార్తలలో అవి నాటు తుపాకుల పేరుతో నిన్న మొన్నటి దాకా వినబడుతూనే ఉన్నాయి.

హైదరాబాదు నిజాముల కొలువులో అరబ్బు సైనికులు ఉండేవారు. వారిలో ఎక్కువమంది ఒమాన్‌కు పడమటి పొరుగైన హద్రమౌత్ ప్రాంతంవారు. వారి సంతతి వారిప్పటికీ బార్కస్ పేటలో ఉన్నారు. ఆ సైనికుల ఆయుధాలు నడుములో వంకర బాకూ, భుజాన పొడవాటి ఒత్తి తుపాకీ.

భారతదేశంలోనూ ఒత్తి తుపాకి 19వ శతాబ్దం దాకా బతికింది. అరేబియా సముద్రానికి ఇవతలి తుపాకికీ అవతలి తుపాకికీ పోలిక ఉంది. రెండింటిలోనూ తుపాకి కర్రకు నడుమ ఒక చీలిక ఉంటుంది. ఒత్తిని పట్టుకునే ఇనుప కొక్కెం అందులోంచి పైకి వస్తుంది. మీట నొక్కితే అది ముందుకు వంగి రంజకపు గిన్నెలో తల పెడుతుంది. కాబట్టి ఒమాన్ వేటగాడి ఎంపికను వివరించడమంటే పశ్చిమ హిందూ మహాసముద్రపు తీరాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఒక అలవాటును వివరించడమే.

తెలియక కాదు

ముందుగా, చెకుముకి తుపాకి ఒమానీలకు తెలియదన్న ఊహను పక్కన పెట్టాలి. పోర్చుగీసులు 1507లో అల్బుకర్క్ నాయకత్వంలో మస్కట్‌ను పట్టుకున్నారు. వారిని 1650లో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ వెళ్ళగొట్టాడు. ఆ తరవాత ఒమానీ నౌకలు తూర్పు ఆఫ్రికా తీరం దాకా సాగాయి. ఐరోపా ఆయుధాలు వారి రేవులలో నిత్యం దిగేవి.

ఇంకా స్పష్టమైన నిదర్శనం 1820 నాటిది. ఆ సంవత్సరం నవంబరులో కెప్టెన్ పెర్రొనెట్ థామ్సన్ ఈస్టిండియా కంపెనీ సిపాయిలను వెంటబెట్టుకొని, మస్కట్ పాలకుడు సయ్యిద్ సయీద్ బలగంతో కలిసి బనీ బూ అలీ తెగ మీదికి వెళ్ళాడు. సిపాయిల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులే. తెగవాళ్ళు కత్తులు దూసి మీదపడి ఆ బలగాన్ని చిన్నాభిన్నం చేశారు. సయ్యిద్ సయీద్ కూడా గాయపడ్డాడు. మరుసటి ఏడు కంపెనీ ఇంకా పెద్ద సైన్యాన్ని పంపి పగ తీర్చుకుంది. ఏమైనా, చెకుముకి తుపాకి ఎలా పేలుతుందో, మళ్ళీ నింపుకొనే లోపల ఎంత వ్యవధి దొరుకుతుందో ఆ తెగవాళ్ళు దగ్గరనుంచే చూశారు.

మరొక నిదర్శనం వాణిజ్యానిది. 1833లో సయ్యిద్ సయీద్ అమెరికాతో చేసుకున్న ఒప్పందం అమెరికన్ వర్తకులకు స్వేచ్ఛా వ్యాపారాన్ని ఇస్తూనే ఒక మినహాయింపు పెట్టింది. జాంజిబార్ ద్వీపంలో తుపాకులు, మందు, గుండ్లు ప్రభుత్వానికి మాత్రమే అమ్మాలి. ఐరోపా, అమెరికా సరుకుగా తుపాకులు ఒమానీ రేవులకు చేరడం అంత మామూలు సంగతి కాబట్టే ఆ షరతు అవసరమైంది. అయినా, దాదాపు అదే కాలంలో, 1835-36లో, భారత నౌకాదళపు అధికారి జేమ్స్ వెల్‌స్టెడ్ సూర్ నుంచి ఇబ్రా, నిజ్వా మీదుగా జబల్ అఖ్దర్ దాకా తిరిగినప్పుడు లోతట్టువారి చేతుల్లో చూసినది ఒత్తి తుపాకినే.

రెండు యంత్రాలు

ఈ ఎంపికను అర్థం చేసుకోవాలంటే రెండు తుపాకులూ పనిచేసే తీరు తెలియాలి. గొట్టం వరకు రెండింటికీ తేడా లేదు. మూతినుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. గొట్టం అడుగున పక్కగా ఒక సన్నని రంధ్రం, దాని బయట రంజకపు గిన్నె ఉంటాయి. గిన్నెలో మంట పుడితే అది రంధ్రం గుండా లోపలికి పాకి అసలు మందును అంటిస్తుంది. తేడా అంతా ఆ మొదటి మంట ఎలా పుడుతుందన్న దగ్గరే.

ఒత్తి తుపాకిలో మంట ముందే సిద్ధంగా ఉంటుంది. సురేకారపు నీటిలో నానబెట్టి ఆరవేసిన నూలుతాడు గంటకు ఇంచుమించు అడుగు చొప్పున నిదానంగా రగులుతుంది. మీట నొక్కితే ఆ నిప్పు గిన్నెలోకి వంగుతుంది. అందులో పటుత్వమైన స్ప్రింగు అవసరం లేదు. ఇనుప ముక్కలు రెండు మూడు ఉంటే చాలు, ఏ ఊరి కమ్మరైనా వాటిని చేయగలడు.

చెకుముకి తుపాకిలో నిప్పు ఆ క్షణంలోనే పుట్టాలి. బలమైన స్ప్రింగు రాయిని ముందుకు విసరాలి. రాయి ఎదుటి ఉక్కు ముఖాన్ని గీకాలి. ఆ దెబ్బకే గిన్నె మూత తెరుచుకోవాలి. రాలిన రవ్వలు రంజకంలో పడాలి. స్ప్రింగుకు సరైన పదును లేకపోతే విరుగుతుంది లేదా వంగిపోతుంది. ఉక్కు ముఖం మెత్తగా ఉంటే రవ్వలు రావు. రాయి అంచు కొన్ని పదుల దెబ్బలకు మొద్దుబారుతుంది, దాన్ని మళ్ళీ చెక్కాలి లేదా మార్చాలి.

కొరత రాయిది కాదని ఇక్కడ గమనించాలి. ఒమాన్ నేలలో చెకుముకి జాతి రాయి విస్తారంగా ఉంది. ధొఫార్ పీఠభూమి మీద పాతరాతియుగపు మనుషులు దానితో చేసిన పనిముట్లు పురావస్తు శాస్త్రజ్ఞులకు కుప్పలుగా దొరికాయి. లేనిది రాయికి ఎదురుగా నిలిచే ఉక్కు, దానిని నడిపే స్ప్రింగు, రెండింటినీ బాగుచేసే పనివాడు. స్ప్రింగు విరిగిన చెకుముకి తుపాకి మస్కట్‌కు పది రోజుల ఒంటె ప్రయాణం దూరంలో ఉన్న వేటగాడికి ఉత్త కర్ర.

నున్నటి గొట్టం, దగ్గరి గురి

ఇక గొట్టం సంగతి. ఒమాన్ తుపాకులకు పర్షియాలో చేసిన గొట్టాలు తరచుగా వాడేవారు. ఇనుప పట్టీలను మెలితిప్పి, కాల్చి అతికి చేసిన ఆ గొట్టాలు కర్రకన్నా ఎక్కువ కాలం మన్నేవి. కర్ర అరిగిపోతే అదే గొట్టానికి కొత్త కర్ర అమర్చి, వెండి పట్టీలు చుట్టి, కొడుక్కి అందించేవారు. లోపల మెలిక గాడులు తీసిన గొట్టాలూ లేకపోలేదు. అయితే నున్నటి గొట్టానికి ఒక సౌలభ్యం ఉంది. అందులో ఒక్క గుండునూ వేయవచ్చు, పిడికెడు చిన్న సీసపు రవ్వలనూ వేయవచ్చు. ఒకటి జింకకు, రెండోది కౌజుకు. గుండు కాస్త వదులుగా ఉన్నా, మసి పేరుకొన్నా, మళ్ళీ దట్టించడం కష్టం కాదు.

దీనికి మూల్యం దూరం. నున్నటి గొట్టంలోంచి వెళ్ళే గుండు యాభై, అరవై గజాలు దాటితే నమ్మదగినది కాదు. రవ్వలు ముప్ఫై, నలభై గజాల దాకానే పనిచేస్తాయి. అందుకని వేటగాడు జంతువుకు దగ్గరగా చేరాలి. నీటి చెలమల దగ్గర రాళ్ళు పేర్చుకొని దాని చాటున కాచుకోవాలి. గాలి వాలు చూసుకోవాలి, ఎందుకంటే రగిలే ఒత్తి వాసన మనిషి వాసనకన్నా ముందే జంతువును హెచ్చరిస్తుంది. చెకుముకి తుపాకికి నిజంగా ఉన్న గొప్ప లాభం ఇదే. దానికి వాసన లేదు, చీకటిలో మెరిసే నిప్పుకణిక లేదు.

ఆ లాభానికి ఎదురుగా మూడు నష్టాలున్నాయి. మొదటిది మందు. ఇంట్లో నూరిన ముతక మందు చెకుముకి రవ్వకు తేలికగా అంటుకోదు, మండే ఒత్తికి అంటుకుంటుంది. తీరంలో చెమ్మ గాలికి మందు నిమ్ముకున్నప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. రెండోది గురి. చెకుముకి యంత్రంలో స్ప్రింగు దెబ్బ తుపాకిని కదుపుతుంది, కంటి ఎదుట రవ్వలు చిమ్ముతాయి. రాయి పడడానికీ గుండు బయలుదేరడానికీ నడుమ ఉన్నది రెప్పపాటు కాలమే. అయితే కంటి ముందు మెరుపుకు రెప్ప వాల్చడం మన నాడీమండలం మన అనుమతి అడగకుండా చేసే పని, సాధనతో తప్ప దానిని అణచలేం. ఒత్తి తుపాకిలోనూ మెరుపు ఉంటుంది, కానీ కుదుపు ఉండదు. కొక్కెం వేలితో సమంగా, మెల్లగా వంగుతుంది. రాతి చాటున తుపాకిని ఆనించి నిలకడగా ఉన్న జంతువు మీద ఒక్కటే గుండు పేల్చేవాడికి ఇది మంచి ఏర్పాటు.

మూడోది ఖర్చు. ఒత్తి ఇంట్లో పేనుకొనేది. రాయికి తగిన యంత్రం కొనుక్కోవలసినది. సీసం ఎటూ కొనాలి, కాబట్టి మిగిలిన వాటిలోనైనా పరాధీనత లేకుండా చూసుకోవడం పేద వేటగాడి వివేకం.

దీనికి మతధర్మం కూడా తోడైంది. వేటాడిన జంతువు ప్రాణం పోకముందే దైవనామం పలికి గొంతు కోస్తే దాని మాంసం నిస్సందేహంగా ధర్మసమ్మతం. గుండు దెబ్బకే చచ్చిన జంతువు విషయంలో ఇస్లామీయ ధర్మవేత్తల మధ్య వాదోపవాదాలు జరిగాయి. కాబట్టి జంతువును దూరాన పడగొట్టడంకన్నా, పడిన వెంటనే చేరుకోగలిగినంత దగ్గరలో కొట్టడమే వేటగాడికి కావలసింది. దూరం కొట్టలేకపోవడం మనం అనుకున్నంత లోపం కాదు.

జయకర్ అనే వైద్యుడు

ఈ తుపాకుల కాలం ముగిసే సమయంలో మస్కట్‌లో ఒక భారతీయ వైద్యుడు ఉండేవాడు. పేరు ఆత్మారామ్ సదాశివ్ జయకర్. ఇండియన్ మెడికల్ సర్వీసు వాడు, మస్కట్ బ్రిటిష్ ఏజెన్సీకి సర్జన్. రోగులను చూసిన తరవాత మిగిలిన సమయాన్ని ఆయన ఒమాన్‌ను చదవడానికి వెచ్చించాడు. ఒమానీ అరబ్బీ మాండలికం మీద 1889లో వ్యాసం ప్రచురించాడు. ఒమానీ సామెతలు సేకరించాడు. జంతువుల గురించి మధ్యయుగంలో దమీరీ రాసిన అరబ్బీ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. చేపలనూ పాములనూ బల్లులనూ సేకరించి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి పంపాడు. ఒక సముద్రపు గుర్రం చేప, ఒక ఇసుకపాము, ఒక బల్లి శాస్త్రీయ నామాలలో ఈనాటికీ ఆయన పేరు ఉంది.

మన విషయానికి ముఖ్యమైనది వీటిలో లేదు. ఒమాన్‌లోనూ, దాని పొరుగునున్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోనూ కొండల్లో మాత్రమే బతికే తార్ అనే అడవిమేక ఒకటుంది. మేకకన్నా బలిష్ఠం, నిట్టనిలువు రాతిగోడల మీద తిరుగుతుంది. కొండవాసులు దానిని తరతరాలుగా ఎరుగుదురు, వేటాడారు. శాస్త్రలోకానికి మాత్రం అది జయకర్ పంపిన నమూనాల ద్వారానే తెలిసింది. 1894లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ దానికి జయకర్ పేరే పెట్టాడు. భారతీయ వైద్యుల విదేశ జీవితం గురించి మాట్లాడుకొనేటప్పుడు ఈయన పేరు అరుదుగా వినబడుతుంది. సంపాదనకో హోదాకో పరిమితం కాకుండా, తానున్న నేల భాషనూ ప్రాణులనూ ఇంత శ్రద్ధగా నేర్చుకున్నవాడు మన వృత్తిలో ఆ రోజుల్లోనే ఉన్నాడని గుర్తుంచుకోవాలి.

తార్‌కు శాస్త్రం పేరు పెట్టిన సంవత్సరానికి మరొక ప్రాముఖ్యం ఉంది. జయకర్ పనిచేసిన ఆ రేవులోనే అదే దశకంలో తుపాకి పెట్టెలు దిగడం మొదలైంది.

మస్కట్ ఆయుధాల బజారు

మార్టినీ-హెన్రీ రైఫిల్‌ను బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించింది. గొట్టం లోపల గాడులు, వెనుకనుంచి పెట్టే ఇత్తడి తూటా, ఒక్క మీటతో తెరుచుకొని మూసుకొనే యంత్రం దాని ప్రత్యేకతలు. 1888 తరవాత సైన్యం లీ-మెట్‌ఫర్డ్‌కు మారడంతో పాత మార్టినీలు సంతకెక్కాయి. ఐరోపా కార్ఖానాలు వాటికి నకళ్ళు కూడా చేశాయి. 1890 బ్రస్సెల్స్ ఒడంబడిక ఆఫ్రికాకు ఆయుధాల ఎగుమతిని కట్టడి చేసింది. మస్కట్‌కు ఆ కట్టడి లేదు. ఫ్రాన్సుతో 1844లో చేసుకున్న ఒప్పందం వాణిజ్య స్వేచ్ఛకు హామీ ఇచ్చింది కనుక బ్రిటన్ కోరినా సుల్తాను ఆ వ్యాపారాన్ని ఆపలేని స్థితి. ఐరోపా వర్తకులూ, మస్కట్‌లో స్థిరపడిన భారతీయ వర్తకులూ అందులో పాల్గొన్నారు. సరుకులో పెద్ద భాగం పర్షియా తీరం దాటి అఫ్ఘానిస్తాన్‌కూ, బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దుకూ చేరేది. మిగిలినది ఒమాన్ లోతట్టుకు పోయేది.

ఒమాన్ వేటగాడిది మార్పుకు ఇష్టపడని స్వభావమైతే ఈ రైఫిల్‌ను కూడా తిరస్కరించి ఉండాలి. కాని అతడు దానిని వెంటనే తీసుకున్నాడు. చెకుముకి తుపాకి అతడికి ఇచ్చిన లాభం కొద్దిపాటిది, అడిగిన మూల్యం పెద్దది. మార్టినీ ఇచ్చిన లాభం అపారం. వందల గజాల గురి, నిమిషానికి ఎన్నో గుండ్లు, వానా చెమ్మా లెక్కలేనితనం. రెండు సందర్భాలలోనూ లెక్క ఒకటే, జవాబులు వేరు.

అయితే ఈ రెండో లెక్కలో ఒక అంశం అప్పుడు కనబడలేదు. ఒత్తి, మందు ఇంట్లో తయారవుతాయి, తూటా తయారు కాదు. 1912 సెప్టెంబరులో సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ, బ్రిటిష్ ఒత్తిడితో, వచ్చిన ఆయుధాలన్నీ మస్కట్‌లోని ఒకే గిడ్డంగిలో నమోదై అనుమతితోనే బయటికి పోవాలన్న నిబంధనను అమలు చేశాడు. తూటాలకు అలవాటుపడిన లోతట్టు తెగలకు అది ఊపిరి బిగబట్టినట్టయింది. 1913లో తెగలు సాలిమ్ బిన్ రాషిద్ అల్ ఖరూసీని ఇమాంగా ఎన్నుకొని సుల్తాను మీద తిరగబడ్డాయి. ఆ తిరుగుబాటుకు కారణాలు అనేకం, గిడ్డంగి వాటిలో ఒకటి. ఒత్తి తుపాకుల కాలంలో అలాంటి గిడ్డంగికి ఇంత బలం ఉండేది కాదు.

జంతువులు చెల్లించిన మూల్యం

రెండో పర్యవసానం కొండల్లో, ఎడారిలో కనబడింది. ఒత్తి తుపాకి వేటగాడి మీద ఒక హద్దు విధించింది. దగ్గరికి పోవాలి, ఒక్క గుండే పేల్చాలి, మళ్ళీ నింపేసరికి మంద వెళ్ళిపోతుంది. ఆ హద్దును అతడు సదుద్దేశంతో పెట్టుకున్నాడనడానికి ఆధారం లేదు. అది పనిముట్టు పెట్టిన హద్దు. పనిముట్టు మారినప్పుడు హద్దు కూడా పోయింది. రైఫిల్‌కు 20వ శతాబ్దం నడుమ మోటారు బండి తోడైంది. ఎడారిలో దాక్కోవడానికి చోటు లేని తెల్లని ఒరిక్స్‌కు అది మృత్యువైంది. ఈ ప్రమాదాన్ని గమనించి 1962లో కొన్నింటిని పట్టి, కాపాడడానికి అమెరికాలోని ఫీనిక్స్ జంతుప్రదర్శనశాలకు తరలించారు. అడవిలో మిగిలిన చివరి ఒరిక్స్‌లు 1972లో ఒమాన్‌లోని జిద్దత్ అల్ హరాసీస్ మైదానంలో వేటగాళ్ళ గుండ్లకు కూలాయి.

1982లో అదే మైదానంలోని యలూనీ దగ్గర ఒరిక్స్‌లను తిరిగి వదిలారు. కాపలాదారులుగా నియమించింది అక్కడి హరాసీస్ తెగవారినే. 1994లో ఆ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 1996లో 450 దాకా పెరిగిన మంద, దొంగవేట వల్ల 65కు పడిపోయింది. ప్రభుత్వం అభయారణ్యపు విస్తీర్ణాన్ని 90 శాతం తగ్గించింది. 2007లో యునెస్కో ఆ స్థలాన్ని జాబితానుంచి తొలగించింది. అలా తొలగింపుకు గురైన మొదటి స్థలం ప్రపంచంలో అదే. జయకర్ పేరు మోసిన తార్ మాత్రం మోటారు బండి ఎక్కలేని కొండచరియల పుణ్యాన బతికింది. 1970ల నడుమనుంచి వాదీ సరీన్‌లో దానికి రక్షిత ప్రాంతం ఉంది.

ఒమాన్ కథనుంచి ఒత్తి తుపాకే మంచిదన్న తీర్మానం రాదు. ఆ కాలానికి తిరిగి వెళ్ళడమూ కుదరదు. తెలిసేది ఇంతే: ఆ వేటగాడు చెకుముకిని వద్దన్నప్పుడు తన చేతిలో ఏముందో, ఊరి కమ్మరి ఏం చేయగలడో, మందు ఎలాంటిదో లెక్కపెట్టుకొని వద్దన్నాడు. మార్టినీని కావాలన్నప్పుడు కూడా అంతే తెలివిగా లెక్కపెట్టాడు. కాని తూటా ఎవరి గిడ్డంగిలోంచి వస్తుందో, గుండు తగిలే దూరం పెరిగితే కొండమీద ఏం మిగులుతుందో అన్న రెండు అంశాలు అతడి లెక్కలోకి రాలేదు. కొనేటప్పుడు అవి కొనేవాడికి కనబడవు. అబూ ఫతీలా ఇప్పుడు ఒమాన్‌లో గోడమీద వేలాడే వారసత్వ వస్తువు. దానిని చూసినవారు, అంత పాత యంత్రంతో అంత కాలం ఎలా నెట్టుకొచ్చారని జాలిపడనవసరం లేదు. దానిని వాడినవాళ్ళు తమ అవసరాలు తెలిసి ఎంచుకున్నవాళ్ళు.